ఆకుపచ్చ రాడ్డు

అరకు దాటి కొండల్లోకి ఇంకాస్త వెళ్తే గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల ఒకటుండేది. అందులో నేను సైన్సు టీచర్‌ని. విజయనగరం దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన నాకు ఆ ఉద్యోగం తొంభైల చివర్లో వచ్చింది. మొదటి ఏడాది చలికీ ఒంటరితనానికీ ఏడ్చాను. రెండో ఏడాదికి అలవాటు పడ్డాను. మూడో ఏడాదికి, సెలవుల్లో ఇంటికెళ్తే అక్కడి ఎండకి ఉండలేక, ఎప్పుడు తిరిగి వెళ్ళిపోదామా అని చూసే మనిషినైపోయాను.

బడి వెనక వరసగా గదులుండేవి. ఒకదాంట్లో నేను, పక్కదాంట్లో వంటామె. ఆమెని పిల్లలూ టీచర్లూ, ఆఖరికి హెడ్‌మాస్టారు కూడా అప్ప అనే పిలిచేవారు. మా వైపు అప్ప అంటే అక్క. నాకంటే పదేళ్ళు పెద్దదేమో. ఆమె ఊరు బడి వెనకున్న కొండమీదే. అక్కడ మొగుడు కాఫీ మొక్కలూ మిరియాల తీగలూ చూసుకునేవాడు. ఈమె వారమంతా బడిలో ఉండి, సెలవు రోజున కొండెక్కి ఇంటికి వెళ్ళొచ్చేది. మాట పెళుసు, చెయ్యి మాత్రం మెత్తన. నాకు పొద్దున్నే చోడంబలి, అదే రాగి అంబలి, తాగడం నేర్పింది ఆమే.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక వానాకాలం, శుక్రవారం నాడు ఇద్దరం అరకు సంతకి వెళ్ళాం. ఆమెకి బడి వంటకి కూరగాయలు కావాలి, నాకు గొడుగు కావాలి. తిరిగి వచ్చేటప్పుడు ఎక్కిన జీపులో లోపల ఎంతమంది ఉన్నారో పైన అంతమంది ఉన్నారు. నేను వెనక తలుపు దగ్గర కూర్చున్నాను. ఒళ్ళో కొత్త గొడుగు, కాళ్ళ దగ్గర ఎవరిదో మేక. ఒక మలుపులో లారీకి దారి ఇవ్వబోయి జీపు రోడ్డు పక్కకి దిగింది. దిగి అక్కడ ఆగలేదు. ఎవరో వెనక నుంచి మెల్లగా తోస్తున్నట్టు, తీరిగ్గా పక్కనున్న వరి మడిలోకి ఒరిగిపోయింది.

అందరం బురదలో పడ్డాం. చిత్రంగా ఎవరికీ పెద్ద దెబ్బల్లేవు. మేక లేచి దులుపుకుని వరి నారు తినడం మొదలుపెట్టింది. నేను కూడా లేవబోయాను. ఎడమ కాలు నాతో పాటు లేవలేదు. చీర కొంచెం పైకి లాగి చూసుకుంటే, మోకాలికీ చీలమండకీ మధ్య ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. దాని మొనకి మడి బురద అంటుకుని ఉంది.

"అటు సూడకు. నా మొకం సూడు," అంది అప్ప. నా చేతిలోంచి కొత్త గొడుగు లాక్కుని, కాలికి ఆనించి పెట్టి, తన తువ్వాలుతో గట్టిగా కట్టేసింది.

"కొత్త గొడుగప్పా," అన్నానట నేను. నాకైతే గుర్తు లేదు. ఆమె మాత్రం ఆ తర్వాత కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వించేది.

అరకు ఆస్పత్రిలో గాయం కడిగి, కట్టు కట్టి, ఘాట్ రోడ్డు మీదుగా విశాఖపట్నం పంపించారు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ వెళ్తే మా నాన్న అక్కడికి వచ్చేశారు. ఎముక లోపలి దాకా వెళ్ళిన బురదని చాలాసేపు కడిగి, కొన్నాళ్ళ తర్వాత టైటానియం రాడ్డు వేశారు. మోకాలి కింది నుంచి ఎముక మధ్యనున్న బోలులోకి దించి, పైనా కిందా స్క్రూలు బిగిస్తారు. తుప్పు పట్టదు, ఒంటికి పడుతుంది, ఎన్నేళ్ళున్నా ఫరవాలేదు అన్నారు. సైన్సు టీచర్‌ని కదా, ఆవర్తన పట్టికలో ఒక గడి నా కాల్లోకి వచ్చి చేరిందని మనసులో కొంచెం గొప్పగానే అనిపించింది.

మా నాన్నకి గొప్పగా ఏమీ అనిపించలేదు. "ఇక చాలమ్మా. కాలు బాగవగానే కిందకి బదిలీ పెట్టుకో," అన్నారు.

"బాగవనీ నాన్నా, చూద్దాం," అన్నాను. మనసులో చూసేదేమీ లేదు.

చంక కర్రలతో బడికి తిరిగొచ్చిన రోజు పిల్లలు గేటు దగ్గరే చుట్టుముట్టారు. నాకంటే నా చంక కర్రలే వాళ్ళకి ఎక్కువ నచ్చాయి. క్లాసులో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వాటితో వరండాలో పందేలు పెట్టుకునేవాళ్ళు. బెల్లు కొట్టాక గాని అవి నా చేతికి వచ్చేవి కావు. బోర్డు మీద రాయడానికి ఒక పిల్ల, సుద్దముక్కలు అందించడానికి ఒక పిల్ల, ఊరికే నా పక్కన నిలబడడానికి ఇద్దరు. అంత వైభోగం నేను ఎప్పుడూ అనుభవించలేదు.

వానలు తగ్గుముఖం పట్టే వేళకి గాయం మచ్చ పక్కన చిన్న పొక్కు లేచింది. చెమట పొక్కే అనుకున్నాను. అది పగిలి రసి కారింది, ఎండింది, మళ్ళీ కారింది. కాలు వెచ్చగా ఉండేది. రోజూ గుడ్డ మార్చుకుంటూ ఎవరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం అప్ప అంబలి గిన్నె పట్టుకుని గదిలోకొచ్చి, గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది.

"ఏటిది? వాసనొత్తంది టీచరమ్మా."

"ఏం లేదప్పా. కొంచెం రసి."

గిన్నె కింద పెట్టి కట్టు విప్పి చూసింది. ఆమె ముఖం చూస్తేనే నాకు తెలిసిపోయింది. "మా అత్త పసరు కడతాది. కురుపులకీ కోతలకీ బాగనే పని సేత్తాది. గాని ఇది లోపలిది. రేపు బండికి కిందకెల్లిపోదాం," అంది.

"నువ్వొస్తే వంట ఎవరు చేస్తారు?"

"గుంటలకి సెయ్యిరాదేటి? పెద్ద గుంటలు సేసుకుంటారు. నువ్వు బేగి సంచీ సర్దు." ఆమెకి బడిలో ఆడపిల్లలంతా గుంటలే.

మర్నాడు కిరండూల్ పాసింజర్‌లో కిందకి దిగాం. సొరంగంలోకి బండి వెళ్ళినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు వేస్తుంటే, ఆ చీకట్లో నేను కాలు తడుముకుంటూ కూర్చున్నాను. అప్పుడు నిజంగా భయం వేసింది. కాలు తీసేస్తారేమో అన్న మాట మనసులోకి వచ్చి, ఎంత తోసినా పోలేదు.

నాకు మొదట ఆపరేషన్ చేసిన డాక్టరు గారు చూసి, ఇలాంటి కేసులే ఎక్కువగా చూసే ఇంకో సర్జన్ దగ్గరికి పంపించారు. యాభై ఏళ్ళుంటాయి ఆయనకి. పొడుగ్గా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తి చాలాసేపు చూశారు. తర్వాత నేనేం చేస్తుంటానని అడిగారు. సైన్సు టీచర్‌నని చెప్పగానే కుర్చీ నా వైపు లాక్కున్నారు.

"అయితే మీకు చెప్పడం తేలిక. లోహాన్ని ఒంట్లో పెట్టగానే దాని మీద చోటు కోసం పోటీ మొదలవుతుంది. మీ కణాలు ముందు చేరి దాన్ని పట్టుకుంటే మనం గెలిచినట్టు. బ్యాక్టీరియా ముందు చేరితే అవి గెలిచినట్టు. ఆర్టీసీ బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తారు చూడండి, అలాగే. ఎవరి రుమాలు ముందు పడితే సీటు వాళ్ళది. మీ కాల్లో బురద ముందే ఉంది కాబట్టి వాళ్ళ రుమాలు ముందు పడింది."

"ఆ రుమాలు తీసి అవతల పారేసి మనమే కూకోవొచ్చు గదా బాబూ," అంది అప్ప.

ఆయన నవ్వలేదు. "అదే కష్టం. అవి ఊరికే కూర్చోవు. ఏట్లో రాళ్ళకి పాచి పడుతుంది కదా, అలా జిగురు కట్టుకుని దాని కింద ఉంటాయి. మందు నెత్తురులో వచ్చినా ఆ జిగురు దాటి లోపలికి పోలేదు. అందుకే మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ తగ్గినట్టుంటుంది, మానేస్తే మళ్ళీ మొదలు. రాడ్డు తీసెయ్యాలి."

"తీసేస్తే ఎముక?" అన్నాను. ఇంకా అతుక్కోలేదని ఎక్స్‌రేలో నాకే కనపడుతోంది.

ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, కాలి బయట రింగులు పెట్టి, ఎముకలోంచి తీగలు గుచ్చి, నెలల తరబడి ఆ పంజరంతో ఉండటం. రెండోది, కొత్త రాడ్డు వెయ్యడం, అయితే దానికి మందు పూత వేసి వెయ్యడం. బ్యాక్టీరియా రుమాలు వెయ్యబోయిన చోటల్లా మందే ఉంటుంది. రాడ్డు ఎముకని నిలబెడుతుంది, పూత లోపలి నుంచే మందు విడుస్తుంది.

"అలాంటి రాడ్డు దొరుకుతుందా?"

"పూత వేసి అమ్మేవి బయటి దేశాల్లో ఇప్పుడిప్పుడే తయారవుతున్నాయంటున్నారు. వెండి పూత, మందు పూత, రకరకాలు చూస్తున్నారు. మన దగ్గరికి రాలేదు. అందుకని నేనే చేసుకుంటాను, ఆపరేషన్ టేబుల్ పక్కనే."

"ఎలా చేస్తారు?"

ఎవరూ అడగని ప్రశ్న అడిగినందుకు ఆయనకి సంతోషం వేసిందని ముఖంలోనే తెలిసింది. "ఊపిరితిత్తుల దగ్గర చేరిన నీరు తియ్యడానికి ప్లాస్టిక్ గొట్టం వాడతాం. అది మనకి మూస. కీళ్ళ ఆపరేషన్లలో వాడే బోన్ సిమెంటు అని ఒకటుంది. అందులో మందు పొడి కలిపి, పలచగా ఉండగానే గొట్టంలోకి ఎక్కించి, మధ్యలో సన్నటి టైటానియం రాడ్డు గుచ్చుతాం. గట్టిపడ్డాక గొట్టం కోసి తీసేస్తాం."

"పుల్ల ఐసులాగా," అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూశారు. "ఇన్నాళ్ళూ నాకు ఆ పోలిక తట్టలేదు. ఔను, పుల్ల ఐసే."

"ఇంతకుముందు చేశారా బాబూ?" అని అప్ప అడిగింది. నేను అడగడానికి మొహమాటపడుతున్న ప్రశ్న అది.

"కొంతమందికి చేశానమ్మా. ఎక్కువమందికి బాగైంది. అందరికీ కాలేదు. బాగవకపోతే ఆ రింగుల దారి ఎలాగూ ఉంది. కాలు పోకుండా చూడటమే నా పని."

ఆ చివరి మాట విన్నాక కొన్ని వారాల తర్వాత మొదటిసారి నాకు ఆకలి వేసింది. బయటికి రాగానే ఇద్దరం ఇడ్లీలు తిన్నాం. అప్పకి విశాఖపట్నం ఇడ్లీ నచ్చలేదు, గాలిలా ఉందంది.

ఆపరేషన్‌కి వెన్నులో మత్తిచ్చారు. నడుము కింద నాది కాని ఒళ్ళు ఒకటి పడుకుని ఉంది, నడుము పైన నేను మెలకువగా ఉన్నాను. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ తెర. నా తల దగ్గర మత్తు డాక్టరు కూర్చున్నాడు. తెర అవతల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. పాత తలుపుకి బిగిసిపోయిన మేకు పీకుతున్నట్టు చప్పుడు. ప్రతి దెబ్బకీ నా ఒళ్ళంతా టేబుల్ మీద కొంచెం కదిలేది. నొప్పి మాత్రం లేదు. తర్వాత నీళ్ళ చప్పుడు, చాలాసేపు. లోపలంతా కడుగుతున్నారని మత్తు డాక్టరు చెప్పాడు.

కాసేపటికి గోళ్ళ రంగు వాసన గుప్పుమంది.

"సిమెంటు కలుపుతున్నారు," అన్నాడాయన.

తెర అవతల సర్జన్ గొంతూ, నర్సు గొంతూ వినపడుతున్నాయి. పొడి అంతా పడిందా, పడింది సార్, తొందరగా, గట్టిపడకముందే ఎక్కించాలి, గొట్టం నిటారుగా పట్టుకో. పెళ్ళివారింట్లో అరిసెల పాకం దగ్గర ఉండే హడావుడి ఉంది ఆ మాటల్లో. ఆ తర్వాత అందరూ ఒక్కసారి మాటలు ఆపేశారు.

"ఏమైంది?" అని మత్తు డాక్టరుని అడిగాను.

"ఆరేదాకా ఆగాలి."

"వేడెక్కింది సార్," అంది నర్సు.

"వేడెక్కుతుంది. అందుకే ఆ వేడికి చెడిపోని మందు వేశాం," అన్నారు సర్జన్. తర్వాత బ్లేడుతో ప్లాస్టిక్ కోస్తున్న చప్పుడు, ఆ తర్వాత ఒక నిట్టూర్పు. "బుడగ పడింది. మధ్యలో డొల్ల. ఇది లోపల విరుగుతుంది, పనికిరాదు. ఇంకోటి చేద్దాం."

ఆయన గొంతులో విసుగు లేదు. మొదటి దోసె పెనానికి అతుక్కుంటే రెండోది వేసే మనిషిలా అన్నారు. ఎందుకో ఆ మాటకి నా భయం చాలామటుకు పోయింది. మళ్ళీ గోళ్ళ రంగు వాసన, మళ్ళీ హడావుడి, మళ్ళీ మౌనం, మళ్ళీ బ్లేడు.

"ఇది బాగుంది," అన్నారు.

"డాక్టర్ గారూ, ఒకసారి చూపిస్తారా," అని నేను పడుకునే అడిగాను. తెర అవతల ఎవరో నవ్వారు. అంతలో తెర పైనుంచి గ్లవ్ వేసుకున్న చెయ్యి ఒకటి కనపడింది. అందులో నున్నగా, చిటికెన వేలంత లావున, లేత ఆకుపచ్చ రంగు సిమెంటు కడ్డీ. చివర మాత్రం కొంచెం లోహం మెరుస్తోంది.

"నిజంగా పుల్ల ఐసే," అన్నాను.

"ముట్టుకోవద్దు, అంతే," అని ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తర్వాత కాసేపు ఆ కడ్డీ నా ఎముకలోకి దిగుతున్న చప్పుడు వింటూ పడుకున్నాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు.

వార్డులో ఉన్నన్నాళ్ళూ అప్ప నా మంచం పక్కనే ఉంది. డాక్టరు గారి రుమాలు కథ ఆమె మనసులో ఎంత గట్టిగా నాటుకుందంటే, వార్డు మొత్తానికీ ఆమే కాపలా అయిపోయింది. ఎవరైనా వచ్చి నా మంచం మీద కూర్చోబోతే, "లెగు, లెగు. ఆల్లు రుమాలేసేత్తారు," అనేది. ఆల్లెవరో, రుమాలేమిటో వాళ్ళకి అర్థమయ్యేది కాదు, ఆమె ముఖం చూసి లేచి నిలబడేవారు. మా నాన్న వస్తే ఆయన్ని కూడా చేతులు సబ్బుతో కడుక్కునేదాకా నా దగ్గరికి రానివ్వలేదు.

ఆయన కడుక్కొచ్చి, స్టూలు మీద దూరంగా కూర్చుని, "బదిలీ సంగతి," అని మొదలుపెట్టారు.

"కొండ మీద గుంటలకి ఈ టీచరమ్మే కావాల బాబూ," అంది అప్ప. "కాలు బాగయ్యేదాకా నాను సూసుకుంతాను. మీరు బెంగెట్టుకోకండి."

మా నాన్న ఆమె వైపు చూశారు, నా వైపు చూశారు. తర్వాత తెచ్చిన అరటిపళ్ళు ఆమె చేతికిచ్చారు. ఆ రోజు నుంచీ బదిలీ మాట ఎత్తలేదు. ఫోన్ చేసినప్పుడు మాత్రం ముందు, "అప్ప గారు ఎలా ఉన్నారు?" అని అడిగేవారు.

కుట్లు విప్పారు. రసి ఆగింది. నెత్తురు పరీక్షలో వాపు చూపించే అంకె నెమ్మదిగా దిగుతోందని డాక్టరు గారు చెప్పారు. మళ్ళీ చంక కర్రలతో పాసింజర్ ఎక్కేసరికి లోయంతా వలిసె పూలు పూసి పసుపుపచ్చగా ఉంది. బండి అనంతగిరి దాటుతుంటే అప్ప కిటికీలోంచి చూస్తూ, "అమ్మయ్య, ఇంటికొచ్చీసినాం," అంది. నాకూ అదే మాట నోటి దాకా వచ్చింది.

పిల్లలకి అన్నీ చెప్పాల్సొచ్చింది. చెప్పిందే మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఏట్లోంచి పాచిపట్టిన రాళ్ళు తెచ్చుకుని, వేలితో రుద్ది, ఆ జిగురు చూశారు. వెండి పూత సంగతి చెప్పగానే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె తన కాలి పట్టీ విప్పి ఇచ్చింది. "పరీక్ష సేద్దాం టీచర్." సరేనని రెండు గిన్నెల్లో పచ్చిపాలు పోశాం. పట్టీని బాగా తోమి, వేడినీళ్ళలో మరిగించి ఒక గిన్నెలో వేశాం. ఏ గిన్నెలో పాలు ముందు విరుగుతాయో చూడాలి.

మేం మర్చిపోయింది అరకు చలిని. అది డిసెంబరు. మర్నాటికి రెండు గిన్నెల్లో పాలూ తాజాగానే ఉన్నాయి. ఆ మర్నాటికి కూడా తేడా తెలీలేదు. పిల్లలు గంట గంటకీ వెళ్ళి వాసన చూసి వచ్చేవాళ్ళు. ఆ సాయంత్రం క్లాసు తలుపు తీసి చూస్తే రెండు గిన్నెలూ కడిగి బోర్లించి ఉన్నాయి. పట్టీ పక్కన ఆరబెట్టి ఉంది.

"పాలెక్కడప్పా?"

"మాస్టార్లందరికీ టీ పెట్టీసినాను. పాలలో గొలుసు పడిపోయుంటే తీసి కడిగినాను. ఈ గుంటలకి వస్తువు మీద జాగర్త నేదు."

పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. ఫలితం తెలియని పరీక్ష అని రికార్డు పుస్తకంలో రాయించాను. వేసవిలో మళ్ళీ చేద్దామన్నారు. చేశాం కూడా. పట్టీ వేసిన గిన్నెలో పాలు కొంచెం ఆలస్యంగా విరిగినట్టు సగం మందికి అనిపించింది, సగం మందికి అనిపించలేదు. ఆ వాదన బడి తెరిచాక కూడా నడిచింది.

అప్పటికి నేను ఒక కర్రతో నడుస్తున్నాను. తొలకరి వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం పాఠం చెబుతుంటే ఒళ్ళు వణికింది. సాయంత్రానికి రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు ఆగలేదు. తర్వాత ఒళ్ళు కాలిపోయింది. తల పగిలిపోతోంది. నా మనసు మాత్రం తల దగ్గర లేదు, కాలి దగ్గరే ఉంది. పూత లోపల మందు అయిపోయి ఉంటుంది. జిగురు కింద ఒక్క బ్యాక్టీరియా మిగిలినా చాలు కదా. రింగుల పంజరం కళ్ళముందు కనపడింది. దాని తర్వాత ఏమిటో ఆలోచించదలుచుకోలేదు. గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను.

అప్ప వచ్చి దుప్పటి పక్కకి తీసి మచ్చ మీద బొటనవేలితో నొక్కింది.

"నొప్పా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"రసి?"

"లేదప్పా. లోపల ఉండొచ్చు కదా."

"ఉండొచ్చు, ఉండకపోవొచ్చు. నెత్తురు సూపిద్దాం, లే," అని జీపు కోసం మనిషిని పంపింది.

ఆరోగ్య కేంద్రంలో హెల్త్ వర్కరు నా వేలు పొడిచి, గాజు పలక మీద చుక్క తీసి లోపలికి వెళ్ళాడు. ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపూ అప్ప నా కాలు తన ఒళ్ళో పెట్టుకునే ఉంది. ఆయన బయటికి వచ్చి చాలా మామూలుగా, "మలేరియా టీచర్ గారూ. మాత్రలిస్తాను, కోర్సు పూర్తిగా వాడాలి," అన్నాడు.

"మలేరియానా? నిజంగా మలేరియానే కదా?"

"మలేరియానేనండి."

నాకు నవ్వు ఆగలేదు. పళ్ళు టకటక కొట్టుకుంటూనే నవ్వుతున్నాను. అప్ప కూడా నవ్వుతోంది. జ్వరం తలకెక్కిందేమోనని ఆయన నా కళ్ళల్లోకి పరీక్షగా చూశాడు. "ఈ ఏడు చాలామందికి చెప్పానండి మలేరియా అని. ఇంత సంతోషపడ్డవాళ్ళు మాత్రం లేరు," అన్నాడు. తగ్గాక పిల్లలందరికీ బెల్లం జీళ్ళు పంచాను. ఎందుకు టీచర్ అని అడిగితే, మలేరియా వచ్చినందుకు అన్నాను. వాళ్ళలో మలేరియా రాని పిల్ల ఒక్కతీ లేదు. ఇలా జీళ్ళు పంచే ఆచారం ఉందని తెలిస్తే ఇన్నిసార్లు ఊరికే పడుకునేవాళ్ళం కాదు కదా అన్నారు.

ఆ చలికాలం చివర్లో డాక్టరు గారు రాడ్డు తీసేశారు. ఎముక పూర్తిగా అతుక్కుంది. తీసేటప్పుడు సిమెంటు విరిగి లోపల ఉండిపోతుందేమోనని ఆయన కొంచెం కంగారుపడ్డారట. విరగలేదు. ఆకుపచ్చ రంగు మాసి గడ్డి రంగులోకి వచ్చిన ఆ కడ్డీని ట్రేలో పెట్టి చూపించారు. లోపలి నుంచి తీసిన ముక్కని పరీక్షకి పంపితే దాంట్లో ఏ బ్యాక్టీరియా పెరగలేదని తర్వాత చెప్పారు. "ఫ్యాక్టరీలో పూత వేసినవి ఎప్పుడో ఒకప్పుడు మన దగ్గరికీ వస్తాయి. నా పుల్ల ఐసులతో అప్పుడు పనుండదు," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకి కొంచెం దిగులు వేసినట్టు అనిపించింది. అది నా ఊహే కావచ్చు.

చైత్రంలో కొండమీద ఇటుకల పండగ వచ్చింది, విత్తనాలకి పూజ చేసి వేటకెళ్ళే పండగ. అప్ప నన్ను వాళ్ళ ఊరు రమ్మంది. ఇన్నేళ్ళు పక్క గదిలో ఉండి కూడా నేను ఆ కొండ ఒక్కసారీ ఎక్కలేదు. దారి కాఫీ తోటల్లోంచి వెళ్తుంది. పైన సిల్వర్ ఓక్ నీడ, కింద మొక్కలకి తెల్లటి పూలు పూసి మల్లెల వాసన. అప్ప ముందు నడుస్తూ, నేను ఆగిన చోటల్లా తనకే అలుపు వచ్చినట్టు ఆగేది. కర్ర తెచ్చుకోలేదు. సగం దారిలో పిక్క లాగింది, రాయి మీద కూర్చుని రుద్దుకున్నాను. అంతే, ఇంకేమీ కాలేదు.

ఊళ్ళో ఆమె మొగుడు మంచం వాల్చి, అడ్డాకు దొన్నెలో సామల పాయసం పెట్టాడు. "అక్కడ సూడు, టీచరమ్మ కాల్లో పచ్చ రాయి వేసి తీసినారు," అని అప్ప ఊరందరికీ చెప్పింది. ముసలమ్మలు వచ్చి మచ్చ తడిమి చూశారు. రాయి కాదు, సిమెంటు, అందులో మందు అని నేను విడమర్చి చెప్పబోయాను. ఒక ముసలమ్మ తలూపి, "మంచి రాయే," అంది. ఇంక ఊరుకున్నాను.

సాయంత్రం డప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్ళంతా వీపుల వెనక చేతులు పెనవేసుకుని వరసగా థింసా ఆడుతున్నారు. అప్ప వచ్చి నన్ను లాగి వరసలో తన పక్కన నిలబెట్టింది. రెండు అడుగులు ముందుకి, ఒకటి వెనక్కి, మళ్ళీ పక్కకి. వరసంతా ఒకవైపు వెళ్తుంటే నేను ఇంకోవైపు వెళ్తున్నాను. నా వల్ల ఇటు ముగ్గురూ అటు ముగ్గురూ తడబడ్డారు.

"కాలు నొప్పెడతందేటి?" అని అప్ప నా చెవిలో అడిగింది.

"లేదప్పా. నాకు మొదట్నుంచీ ఆట రాదు."

ఆమె నవ్వి, నా నడుం చుట్టూ చెయ్యి ఇంకాస్త బిగించి, తన అడుగుతో పాటు నన్నూ తిప్పుకుంటూ వెళ్ళింది. డప్పులు ఆగేదాకా ఆ వరసలోనే ఉన్నాను.